గదులు లేని సత్రం

చిన్నప్పుడు విన్న కథల్లో రాజకుమారుడు ఏ పట్నం చేరినా పేదరాశి పెద్దమ్మ ఇంట్లోనే దిగేవాడు. అటువంటి పూటకూళ్ళ ఇల్లు న్యూజిలాండ్‌లో ఒకటి ఉందని ఆక్లాండ్‌లో స్థిరపడిన మా బావమరిది ఊరించగా, అక్కడి నడి చలికాలమైన జూలైలో ముగ్గురం కారులో రెండు గంటలు ప్రయాణించి మాటమాటా అనే ఊరు చేరుకున్నాం.

బస సంగతి ముందు చెబుతాను. మేము దిగిన మోటెల్‌లో గది శుభ్రంగానే ఉంది గానీ హీటరు అరగంటకొకసారి ఆగిపోయేది. చెబితే ఇంకో రెండు దుప్పట్లు ఇచ్చి ఊరుకున్నారు. రాత్రి శాకాహారం కోసం తిరిగి తిరిగి చివరికి రొట్టె, అరటిపండ్లతో సరిపెట్టుకున్నాం. పులిహోర కలిపి తీసుకువెళదామన్న మా ఆవిడ మాట విననందుకు ఆ రాత్రంతా నేనే దోషిని.

మేము చూడవచ్చింది హాబిటన్, అంటే ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాల కోసం వేసిన, హాబిట్లనే పొట్టి మనుషుల ఊరి సెట్టు. అక్కడికి సొంత వాహనంలో వెళ్ళనివ్వరు. షైర్స్ రెస్ట్ అనే చోట బస్సెక్కి, గైడు వెంట రెండున్నర గంటలు తిరగాలి. 1998లో ఆ సినిమాల దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం విమానంలో వెతుకుతూ కనిపెట్టిన గొర్రెల పొలమిది. గుట్టల్లో తొలిచినట్లు కనిపించే ఆ గుండ్రటి తలుపుల్లో చాలావాటి వెనుక ఇల్లు ఉండదు. గుట్టమీది పెద్ద చెట్టు కూడా కృత్రిమమే.

వంతెన దాటితే గ్రీన్ డ్రాగన్ సత్రం. 2012లో తెరిచిన ఈ సత్రంలో పడుకోవడానికి గదులు లేవు, కానీ చలిమంట మాత్రం నిజమైనది. టిక్కెట్టుతో పాటు ఒక పానీయం ఇస్తారు. అల్లం బీరులో మద్యం లేదని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాకే మా ఆవిడ ఆ మట్టిరంగు పిడికప్పు అందుకుంది.

మంట పక్క కుర్చీలో ముదురు గోధుమరంగు పొడవాటి కోటు వేసుకున్న ఒక ముసలాయన కూర్చొని ఉన్నాడు. బయట జోరువాన, మా గొడుగుల నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఆయన కోటు మీద మాత్రం ఒక్క చుక్క లేదు. నా బూట్ల వైపు చూసి, తన కాళ్ళు పక్కకు జరుపుకొని, మంటకు దగ్గరగా చోటిచ్చాడు. ఏ ఊరని అడిగితే సమాధానం చెప్పకుండా, తాను మొదటిసారి వచ్చినప్పుడు ఇక్కడ సత్రమూ లేదు, రంగు తలుపులూ లేవు, సినిమా తీశాక పదిహేడు ఇళ్ళ తెల్లటి ప్లైవుడ్ ముందుభాగాలు మాత్రం మిగిలాయని, వాన వస్తే గొర్రెలు వాటిలో దూరేవని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. 2011లో శాశ్వతంగా తిరిగి కట్టకముందు ఈ చోటు అలాగే ఉండేదని గైడు కూడా చెప్పింది కాబట్టి ఆ మాట నమ్మాను. పేరు అడిగేసరికి చిన్నగా నవ్వి, మంటలో కట్టె ఎగదోశాడు.

ఇంతలో బస్సుకు పిలుపు వచ్చింది. ఆయన లేవలేదు. వేషం వేసుకున్న ఉద్యోగి అయి ఉంటాడని బావమరిది అన్నాడు. ఉద్యోగి అయితే మా ఖాళీ కప్పులు తీసేవాడు కదా అని నేను అన్నాను. గైడు తలలు లెక్కపెట్టుకొని తలుపు వేసింది.

"అక్కడ పడుకోవడానికి గదులే లేవు కదండీ, ఆయన రాత్రికి ఎక్కడికి వెళతాడు?" అని మా ఆవిడ దారిపొడవునా అడుగుతూనే ఉంది.