అనంతపురం శివారులో వీగన్ భోజనం: ప్యూర్ వెజ్ హోటల్ మేలా, రొట్టెల అక్క మేలా?

అనంతపురంలో మాంసం ముట్టని మనిషికి తిండి దొరకడం ఏనాడూ కష్టం కాలేదు. అయితే పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె కూడా మానుకున్న వీగన్‌కు పని అంత సులువు కాదు. అందులోనూ ఊరి నడుమ కాకుండా రుద్రంపేట, సోములదొడ్డి, కక్కలపల్లి, రాప్తాడు వైపు కొత్తగా లేచిన కాలనీలలో కాపురముండేవారు ప్రతి పూటా కొంత ఆలోచించుకోవలసిందే. వారికి అందుబాటులో ఉన్న దారులు హైవే పక్కన పెద్ద బోర్డు పెట్టిన ప్యూర్ వెజ్ హోటల్, కాలనీ మొదట్లోని టిఫిన్ బండి, పొద్దుగూకే వేళకు జొన్నరొట్టెలు కాల్చి అమ్మే అక్క, సంగటి హోటల్, ఫోన్‌లోని డెలివరీ యాప్, వీటన్నింటికీ తోడు సొంత వంటగది. నా అభిప్రాయం ముందే చెబుతాను: బోర్డు పెద్దదైన కొద్దీ, ధర పెరిగిన కొద్దీ వంటలో పాడి పదార్థాల వాటా కూడా పెరుగుతుంది, కాబట్టి వీగన్ ముందుగా వెతకవలసింది చిన్న చోట్లనే.

ప్యూర్ వెజ్ అన్న మాటకు మాంసం, చేప, గుడ్డు లేవన్నంత వరకే అర్థం. ప్యాకెట్ల మీద కనిపించే ఆకుపచ్చ చుక్క కూడా పాలను, తేనెను శాకాహారంగానే లెక్కిస్తుంది. వీగన్ ఆహారానికి వేరే నిబంధనలను, ‘వి’ అక్షరంతో కూడిన ఆకుపచ్చ గుర్తును కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో తెచ్చింది కానీ, అది ప్యాకెట్ల మీద చూసుకోవలసిన గుర్తే తప్ప హోటల్ పళ్లెంలోని పప్పు గురించి ఏమీ చెప్పదు. పైగా కర్ణాటక సరిహద్దు పక్కనే కావడం వల్ల మన హోటళ్లపై అక్కడి రుచుల ప్రభావం బాగా ఉంది. బెన్నె దోశ అంటే వెన్న దోశే. బిసిబేళెబాత్‌కు, పొంగలికి నెయ్యి పడనిదే హోటల్‌వారి మనసు ఒప్పదు. కంటికి కనిపించే నెయ్యిని వద్దనవచ్చు, చిక్కంతా కనిపించని దానితోనే. మైసూర్ బోండా పిండిని మజ్జిగతోనో పెరుగుతోనో కలుపుతారు. రవ్వ ఇడ్లీకి పెరుగు కావాలి. రవ్వ దోశ పిండిలో చాలాచోట్ల మజ్జిగ పోస్తారు. పూరీతో వచ్చే తెల్ల కుర్మాలో జీడిపప్పుతో పాటు మీగడ పడే అవకాశం ఎక్కువ. మధ్యాహ్నం భోజనంలో పెరుగు గిన్నెను పక్కన పెట్టినంత మాత్రాన పని అయిపోదు, ఎందుకంటే పప్పుకు, రసానికి తిరగవాత దేనితో వేశారన్నది వడ్డించే పిల్లవాడికి తెలియదు. అడిగితే మన మనసు నొప్పించడం ఇష్టం లేక ‘లేదు సార్’ అనేస్తాడు. సోములదొడ్డి దగ్గరి ఇస్కాన్ గుడిని చూసి ఉల్లి, వెల్లుల్లి లేని సాత్విక వంటే వీగన్ వంట అనుకునేవారూ ఉన్నారు, కానీ కృష్ణుడి నైవేద్యంలో పాలూ వెన్నా ఎంత ముఖ్యమో తెలిసిన విషయమే.

టిఫిన్ బండి సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. నెయ్యి ధర పామాయిల్ ధరకు కొన్ని రెట్లు ఉన్నప్పుడు, ప్లేటును తక్కువ ధరకు అమ్మే మనిషి ఉగ్గానిలో నెయ్యి పోయడమన్నది జరగని పని. నానబెట్టి పిండిన బొరుగులు, ఉల్లిపాయ, టమోటా, పచ్చిమిర్చి, పసుపు, పైన పుట్నాల పొడి, పక్కన శనగపిండి పూత పూసిన మిరపకాయ బజ్జీ: పాల చుక్క తగలకుండా ఇంత రుచిగా ఉన్న ఉదయపు తిండి, వీగన్ అన్న మాటే వినని ఈ ఊళ్లో తరతరాలుగా ఉంది. చిత్రాన్నం కూడా అంతే. అయితే ఒక జాగ్రత్త అవసరం. సాయంత్రం బండ్లలో కోడిగుడ్డు బజ్జీని కూడా అదే మూకుడులో వేస్తారు కాబట్టి, ఆ పట్టింపు ఉన్నవారికి పొద్దుటి బండే నయం. మరిగి మరిగి నల్లబడిన నూనె గురించి వేరే చెప్పనక్కరలేదు. రోజూ బజ్జీ తినడం వీగన్‌కైనా, మరెవరికైనా మంచిది కాదు.

బయట దొరికే తిండిలో నేను మొదటి స్థానం ఇచ్చేది జొన్నరొట్టెకు. రొట్టెల అక్క పని కాసేపు నిలబడి చూస్తే చాలు, అందులో దాచడానికి ఏమీ లేదని తెలుస్తుంది. ఆమె పిండిలో వేడినీళ్లు పోసి మెదిపి, ముద్ద చేసి, పొడిపిండి చల్లిన పలక మీద అరచేత్తో తట్టుతూ తిప్పుతుంది. పెనం మీద వేసి పైన తడిగుడ్డతో నీళ్లు అద్ది, తడి ఆరాక తిరగేసి కాలుస్తుంది. నూనె బొట్టు కూడా లేని ఆ రొట్టె కళ్ల ముందే తయారై పళ్లెంలోకి వస్తుంది. దానికి జతగా వంకాయ కూర, ఆకుకూర పప్పు, వేరుశనగల చట్నీ, ఎర్రకారం ఉంటాయి. ‘అక్కా, పప్పుకు తిరగవాత నూనెతోనా, నెయ్యితోనా?’ అని అడిగితే, ‘నెయ్యి యాడిది నాయనా, అంతా నూనెనే’ అన్న జవాబు వస్తుంది. వండినవారే వడ్డిస్తున్నారు కాబట్టి ఆ జవాబును నమ్మవచ్చు. పెద్ద హోటల్లో లేనిది సరిగ్గా ఇదే. లోపాలు లేవని కాదు. సాయంత్రం తప్ప దొరకదు, వాన పడితే అసలే దొరకదు, కూర్చోవడానికి చోటుండదు, కూరలో కారం కొత్తవారి కళ్ల వెంట నీళ్లు తెప్పిస్తుంది.

రాగి సంగటి కూడా పిండి, బియ్యం, నీళ్లతోనే తయారవుతుంది. కానీ సంగటి హోటల్ బతికేది నాటుకోడి పులుసు మీద. గరిటెలు కలిసిపోతాయి, ముద్ద మీద నెయ్యి వేయడం మర్యాద అనుకునేవారూ ఉన్నారు. ముందుగా చెప్పి పల్లీ చట్నీతో తినగలిగినవారికి సరే. కుటుంబంతో వెళ్లి నిశ్చింతగా తిందామనుకునేవారికి నేను చెప్పను.

డెలివరీ యాప్ గురించి రెండు మాటలు చాలు. శివారుకు తెచ్చి ఇచ్చే హోటళ్లు తక్కువ, ఉన్న జాబితాలో సగం పనీర్, దూరాన్ని బట్టి రుసుము అదనం. ‘నెయ్యి, పెరుగు వద్దు’ అని రాసిన సూచనను వంటింట్లో ఎవరైనా చదివారో లేదో, పొట్లం విప్పాకే తెలుస్తుంది.

ఇక మిగిలింది ఇల్లు. ఇక్కడ శివారువాసికి ఊరి నడుమ ఉన్నవారి కంటే ఒక మేలు ఉంది. కక్కలపల్లి టమోటా మార్కెట్ పక్కనే ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల కూరగాయలు, ఆకుకూరలు రోడ్డు మీదకే వస్తాయి. వేరుశనగకు ఈ జిల్లా పెట్టింది పేరు. నగరాల్లో వీగన్లు అంత ధర పెట్టి కొనే బాదం పాలతో మనకు పని లేదు. వంద గ్రాముల వేరుశనగ గింజలను ఆరేడు గంటలు నానబెట్టి, పొట్టు తీసి, పచ్చి వాసన పోయేందుకు అయిదు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, దాదాపు అర లీటరు మంచినీళ్లతో మెత్తగా రుబ్బి వడగడితే పాలు సిద్ధమవుతాయి. సన్నని సెగ మీద కలుపుతూ కాచాలి, లేదంటే అడుగంటుతాయి. గోరువెచ్చగా అయ్యాక నాలుగు పచ్చిమిర్చి తొడిమలు వేసి మూత పెడితే రాత్రికి రాత్రి పెరుగు తోడుకుంటుంది. మన ఎండాకాలంలో ఇంకా త్వరగా పులుస్తుంది కాబట్టి కనిపెట్టుకుని ఉండాలి. అది గేదె పెరుగంత గడ్డగా ఉండదు, వాసన కూడా కొంత వేరు. కానీ ఉప్పు, అల్లం, కరివేపాకు వేసి మజ్జిగ చేస్తే, పోపు పెట్టి పెరుగన్నం కలిపితే తేడా పెద్దగా తెలియదు. వడగట్టిన పిప్పి చట్నీలోకి పనికొస్తుంది. కాఫీకి మాత్రం ఈ పాలు సరిపోవు, వేడి డికాషన్‌లో విరిగే ప్రమాదం ఉంది.

పాలు మానితే ఎముకలేం కావాలని ఇంట్లో పెద్దవాళ్లు అడిగే ప్రశ్న న్యాయమైనదే. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, అదే తూకం ఆవుపాలలో 120 దాకా ఉంటుంది. రాగులలోని కాల్షియం అంతా ఒంటికి పట్టదు కాబట్టి మొలకెత్తించి పిండి పట్టించుకుంటే మంచిది. మాంసకృత్తులకు వేరుశనగ, కంది, ఉలవలు ఉండనే ఉన్నాయి. బి12 విటమిన్ ఒక్కటే ఏ గింజలోనూ, ఏ ఆకులోనూ నమ్మకంగా దొరకదు. అది డాక్టరును అడిగి మాత్రల రూపంలో తీసుకోవలసిందే, ఇందులో రాజీ లేదు.

కాబట్టి శివారులో ఒంటరిగా గదిలో ఉండే విద్యార్థికైతే పొద్దున అప్పుడప్పుడు ఉగ్గాని, సాయంత్రం జొన్నరొట్టె మేలు, మధ్యాహ్నానికి అన్నం కుక్కరు ఒకటి ఉంటే చాలు. పొయ్యి, ఫ్రిజ్, కాస్త తీరిక ఉన్న కుటుంబానికి ఇంటి వంటే ముందు, రొట్టెల అక్క తర్వాత. ప్యూర్ వెజ్ హోటల్‌ను నేను మూడో స్థానంలో పెడతాను, బంధువులు వచ్చినప్పుడు తప్పదు కాబట్టి. అక్కడికి వెళ్లినప్పుడు నెయ్యి లేకుండా అనే కంటే ‘నూనెతో వేయండి’ అని చెబితే వంటవారికి సులువుగా అర్థమవుతుంది. అయినా బెన్నె దోశ తీసిన పెనం మీదే మన దోశ కూడా వేస్తారు కాబట్టి, పట్టింపు ఎక్కువ ఉన్నవారు మామూలు ఇడ్లీ, కొబ్బరి చట్నీ చెప్పుకోవడం మంచిది.