లాబ్రడారా, జర్మన్ షెపర్డా, బీగిలా: ఇంటిల్లిపాదికీ సరిపడే కుక్క ఏది?

కుక్కను తెచ్చుకోవాలని నిశ్చయించుకున్నవారు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకే రూపంలో ఉంటుంది: లాబ్రడార్ మంచిదా, జర్మన్ షెపర్డ్ మంచిదా, లేక కాస్త చిన్నదైన బీగిల్ చాలునా? ప్రశ్నతోపాటు ఇల్లు ఎంత పెద్దదో, పిల్లల వయసెంతో, కాపలా అవసరమో కాదో కూడా చెబుతారు. ఆ కుక్కను రోజూ ఎవరు బయటికి తీసుకువెళతారో, పగలంతా దాని దగ్గర ఎవరుంటారో మాత్రం చెప్పరు. కుక్క కావాలని ముచ్చటపడేది ఒకరు, దానికి తిండి పెట్టి, తిప్పి, రాలిన వెంట్రుకలు ఊడ్చి, ఒంట్లో బాగాలేనప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లేది మరొకరు కావడం చాలా ఇళ్లలో జరిగేదే. అందువల్ల యజమాని మనసుపడిన జాతీ, కుటుంబానికి సరిపడే జాతీ ఒకటే కావాలని లేదు. ఒక్కరి చేతికి అలవాటుపడే కుక్క ఏది, నలుగురి చేతుల్లోనూ ఒదిగే కుక్క ఏది అన్న కోణం నుంచే ఈ మూడింటినీ ఇక్కడ ప్రధానంగా పోలుస్తున్నాను.

జాతిని బట్టి స్వభావాన్ని ఎంతవరకు ఊహించవచ్చో ముందుగా తేల్చుకోవాలి. 2022లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 18 వేలకు పైగా కుక్కల గురించి వాటి యజమానులను ప్రశ్నించి, వాటిలో రెండు వేలకు పైగా కుక్కల జన్యుక్రమాన్ని పరిశీలించారు. ఒక కుక్కకూ మరో కుక్కకూ మధ్య ప్రవర్తనలో కనిపించే తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని అందులో తేలింది. కాబట్టి ఈ జాతి శాంతమైనదనీ ఆ జాతి కోపిష్టిదనీ చెప్పే మాటలను పూచీకత్తుగా తీసుకోకూడదు. అలాగని జాతిని అసలు పట్టించుకోనక్కర్లేదనుకోవడమూ సరికాదు. ఎత్తు, బరువు, వెంట్రుకల తీరు, మూతి ఆకారం, వంశపారంపర్యంగా వచ్చే జబ్బులు చాలావరకు జాతితోనే వస్తాయి. స్వభావానికి సంబంధించిన గుణాల్లోనూ ఒకదాని విషయంలో జాతి ప్రభావం తక్కినవాటికంటే ఎక్కువగా కనిపించింది. మనిషి చెప్పినదాన్ని చెవిన పెట్టి నడుచుకునే గుణమే అది. పై ప్రశ్నకు జవాబు వెతకడంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేదీ ఆ గుణమే.

జర్మన్ షెపర్డ్ విషయంలో యజమానికీ కుటుంబానికీ ఉన్న ఈ దూరం స్పష్టంగా బయటపడుతుంది. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ జర్మనీలో ఒక సంఘాన్ని స్థాపించి, గొర్రెలకాపరుల వెంట ఉండే కుక్కల నుంచి ఈ జాతిని తీర్చిదిద్దాడు. కంచె లేని పొలాల పక్కన మేసే గొర్రెలు పంటలోకి దిగకుండా హద్దు వెంబడి రోజంతా అటూ ఇటూ తిరగడం, ఒక కాపరి సైగను కనిపెట్టుకుని ఉండడం ఆ కుక్కల పని. ఇంట్లోకి వచ్చినా ఆ వృత్తి దాన్ని వదలదు. గేటుకూ కిటికీకీ మధ్య పహరా తిరుగుతుంది, ఇంటివాళ్లలో ఎవరు ఏ గదిలో ఉన్నారో చూసుకుంటుంది, కొత్త మనిషి అడుగుపెడితే ముందుగా తనే ప్రకటిస్తుంది. నేర్చుకోవడంలో దానికి సాటివచ్చే జాతులు తక్కువ. చిక్కు కూడా అక్కడే ఉంది. మనం నేర్పాలనుకోనిదాన్ని కూడా అది అంతే వేగంగా నేర్చుకుంటుంది. తండ్రి సోఫా మీది నుంచి దిగమంటే, కొడుకు ఎక్కమని పిలిస్తే, తల్లి చూసీచూడనట్టు ఊరుకుంటే, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఎవరిది చెల్లదో దానికి కొద్ది రోజుల్లోనే అర్థమైపోతుంది. ఆ తరువాత శిక్షణ ఇచ్చిన ఒక్కరి మాట తప్ప తక్కినవారి మాట దానికి సలహాతో సమానం.

మగ షెపర్డ్ 60 నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తు, 30 నుంచి 40 కిలోల బరువు ఉంటుంది. ఎదురుగా మరో కుక్క కనిపించి ఈ బరువు ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు గొలుసు ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సమస్య. కుక్కను కోరుకున్న యువకుడు ఉద్యోగానికి వెళ్లిపోయాక, మోకాళ్ల నొప్పులున్న తల్లి దాన్ని మధ్యాహ్నం బయటికి తీసుకువెళ్లవలసి వస్తే, ఆ ఇంటికి ఈ జాతి తగదని నేను నిస్సంకోచంగా చెబుతాను. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా కొత్త మనుషులు, చప్పుళ్లు, తోటి కుక్కలు పరిచయమవుతూ ఉండాలన్న నియమం అన్ని జాతులకూ వర్తించేదే అయినా, అనుమానించడం పనిలో భాగంగా పుట్టిన ఈ జాతి విషయంలో దాన్ని అశ్రద్ధ చేస్తే ఫలితం మరింత బరువుగా ఉంటుంది. బంధువులు, పిల్లల స్నేహితులు వేళాపాళా లేకుండా వచ్చిపోయే ఇంట్లో అలాంటి కుక్కను ప్రతిసారీ గదిలో పెట్టి తలుపు వేయవలసి వస్తుంది. ఒక పెద్ద మనిషి రోజూ గంటో గంటన్నరో దానితో పనిచేయగలిగి, తక్కినవారు అతను పెట్టిన నియమాలకు కట్టుబడి ఉండే ఇంట్లో మాత్రం జర్మన్ షెపర్డ్‌కు సాటి మరొకటి లేదన్నా నేను కాదనను.

లాబ్రడార్ మూలం వేరు, అది నేర్చిన పని వేరు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల వెంట ఉండిన కుక్కలను బ్రిటన్‌కు తీసుకువెళ్లి, వేటగాడు కొట్టిన పక్షిని నీళ్లలో నుంచైనా పొదల్లో నుంచైనా నలపకుండా నోట కరుచుకుని తెచ్చేలా ఈ జాతిని పెంచారు. కుక్కల జాతులను నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దాన్ని 1903లో గుర్తించింది. తుపాకీ మోగినా పంపేదాకా పక్కనే కూర్చోవడం, చుట్టూ పరాయి మనుషులూ పరాయి కుక్కలూ ఉన్నా గొడవపడకపోవడం ఆ పనికి అవసరమైన గుణాలు. కుటుంబానికి కావలసినవీ చాలావరకు అవే. చేతిలో ఒక తిండి ముక్క ఉంటే చాలు, ఆ చేయి యజమానిదా, నానమ్మదా, పదేళ్ల పిల్లదా అని లాబ్రడార్ చూడదు. మన శిక్షణలో ఉన్న లోపాలను అది ఓర్చుకున్నంతగా షెపర్డ్ ఓర్చుకోదు. ఈ ఒక్క కారణం చేతనే, కుక్కను మొదటిసారి పెంచబోతున్న కుటుంబం ఈ రెండింటిలో ఏదని అడిగితే నా మొగ్గు లాబ్రడార్ వైపే ఉంటుంది.

అయితే దాన్ని సాధు జంతువని నమ్మి తెచ్చుకునేవారికి మొదటి రెండేళ్లు గట్టి పరీక్షే. ఎదిగిన మగది 29 నుంచి 36 కిలోలు తూగుతుంది, అంటే లాగడం మొదలుపెడితే షెపర్డ్‌కు పెద్దగా తీసిపోదు. చిన్నపిల్లలను అది పడదోసేది కోపంతో కాదు, ప్రేమతో. పడ్డవారికి ఆ తేడా అంతగా తెలియదు. నోటితో మోసుకురావడమే దాని వృత్తి కాబట్టి చెప్పు, రిమోట్, పుస్తకం, దిండు ఏది అందితే అది నోట్లోకి వెళుతుంది. వేటపోటీల కోసం పెంచిన వంశాల్లోనివి ప్రదర్శనల కోసం పెంచిన వంశాల్లోనివాటికంటే సన్నగా, మరింత చురుగ్గా ఉంటాయి. ఇంటికి తెచ్చుకునేవారు రెండో రకాన్ని ఎంచుకోవడమే తెలివైన పని.

లాబ్రడార్‌కు ఉన్న అసలు ముప్పు దాని ఆకలి. ఆకలి తీరిన సంగతిని మెదడుకు తెలియజేయడంలో పాలుపంచుకునే పీఓఎంసీ అనే జన్యువులో కొంత భాగం లోపించి ఉండడం ఈ జాతిలో సుమారు నాలుగో వంతు కుక్కలలో కనిపిస్తుందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు వెల్లడించారు. వికలాంగులకు తోడ్పడే సహాయక కుక్కలుగా ఎంపికైన లాబ్రడార్లలో ఈ లోపం ఇంకా ఎక్కువగా కనిపించడం ఆసక్తికరమైన విషయం. తిండి మీది ఆశే వాటిని మంచి విద్యార్థులుగా చేస్తున్నదని అనుకోవడానికి ఇది ఆస్కారమిస్తుంది. కానీ నలుగురున్న ఇంట్లో నాలుగు చేతులు తినిపిస్తాయి, ఎవరికి వారు తాము పెట్టింది కొంచెమే అనుకుంటారు. 48 లాబ్రడార్లను జతలుగా విడదీసి జీవితాంతం గమనించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, జతలోని రెండో కుక్కకంటే 25 శాతం తక్కువ తిండి తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువగా బతికాయి, కీళ్లనొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. కాబట్టి నలుగురి మాటా వినే ఈ కుక్కకు తిండి మాత్రం ఒక్కరే కొలిచి పెట్టాలి, శిక్షణలో ఇచ్చే ముక్కలను కూడా ఆ కొలతలో నుంచే తీయాలి. పక్కటెముకల మీద చేయి పెడితే అవి కంటికి కనబడకపోయినా వేళ్లకు తగులుతూ ఉండాలి. తగలడం మానేస్తే కొలత తగ్గించాలి.

పిల్లలున్న ఇంటికి ఈ రెండింటిలో ఏది క్షేమం అన్న ప్రశ్నకు జాతి పేరుతో జవాబు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. కుక్క ముఖం తిప్పుకోవడం, పెదవులు నాకడం, ఒళ్లు బిగబట్టి కదలకుండా నిలబడడం వంటివన్నీ ఇక చాలు అని అది చెప్పే మాటలు. వాటిని చదవగలిగిన పెద్దవారు దగ్గర లేనప్పుడు చంటిపిల్లలను ఏ కుక్కతోనూ ఒంటరిగా వదలకూడదు. గుర్రుమన్నందుకు కుక్కను దండించడం మరీ ప్రమాదకరం, ఎందుకంటే తరువాతిసారి అది హెచ్చరించడం మానేసి నేరుగా కరవవచ్చు. కాపలా సంగతికి వస్తే, ఎక్కువ ఇళ్లకు కావలసింది లోపల పెద్ద కుక్క ఉందని బయటివాడికి తెలియడమే, అందుకు లాబ్రడార్ గొంతు చాలు. వచ్చినవాడితో అది కాసేపట్లో స్నేహం చేసేస్తుందన్న మాట నిజమే. అయినా అతిథికీ దొంగకూ తేడా తెలియని కాపలా కుక్కకంటే ఆ స్నేహమే నయం.

ఇక బీగిల్. కాగితం మీద చూస్తే ఇందరి చిక్కుకూ ఇదే పరిష్కారంలా కనిపిస్తుంది. ఎత్తు 33 నుంచి 40 సెంటీమీటర్లు, బరువు పది కిలోలకు అటూ ఇటూ, పొట్టి వెంట్రుకలు, పిల్లలతోనూ తోటి కుక్కలతోనూ కలిసిపోయే తత్వం. గొలుసు నానమ్మ చేతిలో ఉన్నా భయం లేదు. కానీ గుంపుగా కుందేళ్ల వాసన పట్టి, మనిషికి దూరంగా పరుగెత్తుతూ, తానెక్కడున్నదీ గొంతెత్తి తెలియజేయడానికి పెంచిన కుక్క ఇది. ముక్కు నేలకు ఆనిన తరువాత దానికి మన పిలుపు వినిపించినా పట్టదు. తెలివి తక్కువై కాదు, మన అనుమతి కోసం ఆగనవసరం లేని పని దానిది కావడం వల్ల. ఆ ముక్కును నమ్మే 1984లో అమెరికా ప్రభుత్వం లాస్ ఏంజలెస్ విమానాశ్రయంలో ప్రయాణికుల సామానులో దాచిన పండ్లు, మాంసం కనిపెట్టడానికి బీగిళ్లను నియమించింది. గుంపులో పుట్టి పెరిగినది కాబట్టి ఒంటరితనాన్ని అసలు సహించదు, సహించనప్పుడు తీసే దీర్ఘమైన ఊళ గోడ అవతలివారికి కూడా నిద్ర పట్టనివ్వదు. పగలంతా ఎవరో ఒకరు ఇంట్లో ఉండేవారికి, గొలుసు విప్పి తిప్పాలన్న ఆశ లేనివారికి బీగిల్ చక్కని కుక్క. అందరూ ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చే ఇంట్లో అది ఉండకపోవడమే మంచిది.

తరచుగా అడిగే తక్కిన జాతుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గోల్డెన్ రిట్రీవర్ స్వభావంలో లాబ్రడార్‌కు దగ్గరే, దువ్వే ఓపిక ఉంటే దాని బదులు తెచ్చుకోవచ్చు. బోర్డర్ కోలీ, హస్కీ పని లేకుండా ఇంట్లో కూర్చునే కుక్కలు కావు. పామరేనియన్ తేలికైనదే, కానీ చిన్నపిల్లల చేతిలో దానికే ప్రమాదం. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ వంటి చప్పిడి మూతి జాతులు ఎంత ముద్దుగా ఉన్నా, శ్వాస తీసుకోవడమే కష్టమయ్యే శరీరాన్ని వాటికి మనిషే ఇచ్చాడు కాబట్టి, వాటిని నేను ఎవరికీ సూచించను.

రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు ఇల్లు తాళం వేసి ఉండే కుటుంబానికి పైన చెప్పిన మూడింటిలో దేని పిల్లా తగదు. అటువంటివారు రెండు మూడేళ్లు నిండిన కుక్కను, అది సంకరజాతిదైనా సరే, పరిశీలించి తీసుకోవడం మేలు. ఎదిగిన కుక్క ఒంటరిగా ఎంతసేపు ఉండగలదో, పిల్లలను చూసి ఏం చేస్తుందో, గొలుసు ఎంత లాగుతుందో నాలుగైదుసార్లు వెళ్లి కలిస్తే కళ్లారా తెలుస్తుంది. కుక్కపిల్లలో అవేవీ ఇంకా ఏర్పడి ఉండవు.

పిల్లనే తేవాలనుకుంటే ఎనిమిది వారాలు నిండకముందు తల్లి నుంచి వేరుచేయకూడదు, తల్లిని చూడకుండా పిల్లను ఎంచుకోకూడదు. మనుషులను చూసి తల్లి వెనక్కి తగ్గుతూ ఉంటే, పిల్లలు ఎంత ఉత్సాహంగా గంతులేస్తున్నా అక్కడ తీసుకోకపోవడమే మంచిది. లాబ్రడార్‌లోనూ షెపర్డ్‌లోనూ తుంటి కీలు, మోచేతి కీలు సరిగా అమరకపోవడం వంశపారంపర్యంగా వస్తుంది. షెపర్డ్‌కు దీనితోపాటు వయసు మళ్లాక వెనక కాళ్లు క్రమంగా పడిపోయే నరాల జబ్బు కూడా ఉంది. దానికి జన్యుపరీక్ష అందుబాటులో ఉంది. తల్లిదండ్రులిద్దరి కీళ్ల ఎక్స్‌రే ఫలితాలను కాగితం మీద చూపమని పెంపకందారుని అడగాలి. అతను వాటి బదులు బహుమతుల పతకాలు చూపిస్తే మరొకరి దగ్గరికి వెళ్లాలి.