పాత పీసీ ఆటలకు జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5200: నల్గొండ ఎండల్లో ఏళ్ల తరబడి వాడాక

పాత ఆటల కోసం ఒకే ఒక్క గ్రాఫిక్స్ కార్డు చెప్పమని ఎవరడిగినా నేను చెప్పేది జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5200 పేరే. ఒక్క షరతు మాత్రం ఉంది. అది 128 బిట్ మెమరీ బస్ (కార్డులో చిప్పుకూ మెమరీకీ మధ్య దారి) ఉన్నదై ఉండాలి. ఫ్యాన్ లేకుండా, వేడిని లాగే లోహపు దిమ్మ (హీట్‌సింక్) ఒక్కదానితోనే వచ్చినదైతే మన ఊళ్లకు ఇంకా మేలు.

ఎన్విడియా దీన్ని 2003లో తెచ్చినప్పుడు సమీక్షలు రాసేవాళ్లు చాలామంది పెదవి విరిచారు. డైరెక్ట్ఎక్స్ 9 (ఆటలు బొమ్మ గీయించుకోవడానికి వాడే విండోస్ సాఫ్ట్‌వేర్) అని డబ్బా మీద వేసుకుని, తీరా డైరెక్ట్ఎక్స్ 9 ఆట పెడితే చతికిలబడుతుందని వాళ్ల ఫిర్యాదు. అది నిజమే. 2004లో వచ్చిన ఫార్ క్రై, హాఫ్ లైఫ్ 2 లాంటివి దీని మీద పెట్టి సుఖపడినవాళ్లు లేరు. కానీ ఇవ్వాళ మనం పాత సిస్టమ్ బయటికి తీసేది వాటికోసం కాదు కదా. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడిన ఆటల కోసం తీస్తాం. ప్రాజెక్ట్ ఐజీఐ, వైస్ సిటీ, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, కౌంటర్ స్ట్రైక్, మ్యాక్స్ పేన్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా. 1998 నుంచి 2003 దాకా వచ్చిన ఈ ఆటలకు ఏ కార్డు సరిపోతుందో చూసుకోవాలి. అలా చూస్తే లెక్క మొత్తం మారిపోతుంది.

నా దగ్గరున్నది పెంటియం 4, ఇంటెల్ 845 బోర్డు, 512 ఎంబీ ర్యామ్, 17 అంగుళాల డబ్బా మానిటర్. ఒకే హార్డ్ డిస్క్ మీద విండోస్ 98 సెకండ్ ఎడిషన్, ఎక్స్‌పీ రెండూ ఉన్నాయి. కొత్త కంప్యూటర్లో రాదా అంటారు చాలామంది. కొన్ని వస్తాయి, పాత ఆటలను కొత్త కార్డుల మీద నడిపించే డీజీవూడూ లాంటి సాఫ్ట్‌వేర్లు నిజంగా గొప్ప పని చేస్తున్నాయి. అయితే ఆ కాలపు సీడీల్లో చాలావాటి ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది, 64 బిట్ విండోస్‌లో అది అసలు తెరుచుకోదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 సీడీ విండోస్ 7లో వేసినవాళ్లకు గడ్డి, నీళ్ల రంగులు ఎలా పాడవుతాయో గుర్తుండే ఉంటుంది. విండోస్ 98లో ఆ బాధ లేదు. సీడీ పెట్టు, ఆడు, అంతే.

ఇక ఆటల సంగతి. ఐజీఐలో కొండ మీద పడుకుని స్నైపర్ స్కోప్‌లోంచి దూరంగా ఉన్న కాపలాదారుణ్ని చూసే చోటు ఉంటుంది కదా. సిస్టమ్‌కు అసలు పరీక్ష అక్కడే. కార్డు లేకుండా బోర్డులోనే ఉండే ఉత్త ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ మీద స్కోప్ జరిపితే తెర అటూ ఇటూ ఎగిరేది, గురి కుదిరేది కాదు. ఎఫ్ఎక్స్ 5200 మీద 1024x768లో స్కోప్ మెత్తగా జరుగుతుంది, మనిషి ఎటు నడుస్తున్నాడో స్పష్టంగా కనిపిస్తుంది. వైస్ సిటీ 800x600లో హాయిగా ఆడుకోవచ్చు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ట్రెయిల్స్ అనే ఆప్షన్ ఆపేస్తే మసక పోతుంది, వేగమూ పెరుగుతుంది. మ్యాక్స్ పేన్, కౌంటర్ స్ట్రైక్ సంగతి చెప్పక్కర్లేదు. నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్ మాత్రం రెజల్యూషన్ బాగా తగ్గించి, తడి రోడ్డు మీద మెరుపులు ఆపేస్తే గానీ సాఫీగా నడవదు. మోస్ట్ వాంటెడ్ ఆలోచనే పెట్టుకోకండి.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా, సాండ్స్ ఆఫ్ టైమ్ గురించి విడిగా చెప్పాలి. మన దగ్గర పాత సిస్టమ్స్‌లో ఎక్కువగా దొరికే కార్డు జీఫోర్స్ 4 ఎంఎక్స్ 440. పేరులో 4 ఉంది కాబట్టి జీఫోర్స్ 3 కంటే పెద్దదనుకుంటారు. లోపల చూస్తే అది జీఫోర్స్ 2 వంశానిదే, అందులో పిక్సెల్ షేడర్లు (వెలుగులు, మెరుపులు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములను నడిపే భాగాలు) లేవు. షేడర్ లేని కార్డు మీద ఈ ప్రిన్స్ ఆట నడవదు. అదే ఎంఎక్స్ 440 క్వేక్ 3 లాంటి పాత ఆటల్లో కొన్నిసార్లు ఎఫ్ఎక్స్ 5200 కంటే వేగంగా పరుగెత్తుతుంది, ఆ మాట దాచను. కానీ నాలుగు ఫ్రేములు ఎక్కువొచ్చే కార్డు కంటే, జాబితాలో ఉన్న ఆటలన్నీ తెరుచుకునే కార్డే నాకు ముఖ్యం.

స్ప్లింటర్ సెల్ మొదటి భాగం ఆడేవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. ఆ ఆటకు నీడలే ప్రాణం. కిటికీ ఊచల నీడ గోడ మీద పడి, మనం నడుస్తుంటే మన ఒంటి మీదుగా జారుతుంది. ఆ నీడలకు జీఫోర్స్ 3, 4 టీఐ, ఎఫ్ఎక్స్ తరం కార్డుల పద్ధతి ఒకటి వాడారు. తర్వాతి కాలపు కార్డుల మీద అది సరిగా రాదు, వెలుగు గోడల్లోంచి దూసుకొస్తుంది. ఇరవయ్యేళ్ల తర్వాత వచ్చిన ఖరీదైన కార్డు కంటే ఈ చిన్న కార్డు మీదే ఆ ఆట అందంగా కనిపిస్తుంది. 1997, 98 ప్రాంతపు ఆటలు వాడిన 8 బిట్ పాలెట్ టెక్స్చర్లదీ (256 రంగుల పట్టికతో వస్తువుల మీద అతికించే బొమ్మలు) ఇదే కథ. ఎన్విడియాలో వాటిని అర్థం చేసుకున్న చివరి తరం ఎఫ్ఎక్స్. 2004లో వచ్చిన జీఫోర్స్ 6 నుంచి తీసేశారు. పోటీ కంపెనీ ఏటీఐ తెచ్చిన రేడియన్ 9600, 9800 అప్పట్లో ఎఫ్ఎక్స్‌ను చిత్తుగా ఓడించిన మంచి కార్డులు, 2003 తర్వాతి ఆటలే మీ లోకమైతే అవే తీసుకోండి. ఈ పాత పద్ధతుల దగ్గర మాత్రం అవి వెనకబడతాయి.

కొనేటప్పుడు అసలు జాగ్రత్త ఇక్కడుంది. ఎఫ్ఎక్స్ 5200 పేరుతో రెండు రకాలు వచ్చాయి, 64 బిట్, 128 బిట్. డబ్బా మీద ఆ ముక్క చాలాసార్లు రాయరు, "128 ఎంబీ" అని మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది. హైదరాబాద్‌లో పాత సామాను అమ్మే ఒకతను నాకూ అదే చూపించాడు. "అన్నా, 128 ఎంబీ ఉంది, మస్తు నడుస్తది" అన్నాడు. ఎంబీ అంటే సామాను పెట్టుకునే జాగా, బిట్ అంటే దారి వెడల్పు. 128 బిట్ కార్డులో మెమరీ 400 మెగాహెర్ట్జ్ లెక్కన నడిస్తే సెకనుకు 6.4 గిగాబైట్లు పారతాయి. 64 బిట్‌లో అందులో సగమే. 64 ఎంబీ ఉన్న 128 బిట్ కార్డు, 128 ఎంబీ ఉన్న 64 బిట్ కార్డును ఈ ఆటల్లో సులువుగా దాటేస్తుంది.

కార్డు చేతిలోకి తీసుకుని మెమరీ చిప్పులు లెక్కపెట్టండి. హీట్‌సింక్ చుట్టూ, వెనక వైపూ కలిపి రెండు పక్కలా కాళ్లున్న నల్లటి పొడవాటి చిప్పులు ఎనిమిది ఉంటే సాధారణంగా 128 బిట్. నాలుగే ఉండి, మిగతా చోట్ల ఖాళీ గళ్లు కనిపిస్తే 64 బిట్. చిప్పు మీద నంబర్ చివర్న ఐదు ఉంటే ఐదు నానోసెకన్లది, అంటే 200 మెగాహెర్ట్జ్‌కు తగినది, డీడీఆర్ లెక్కలో 400. నాలుగు ఉంటే ఇంకా వేగమైనది. సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగా వేస్తే ఆ అక్షరాలు చక్కగా కనబడతాయి. అమ్మేవాడు తిప్పి చూడనివ్వకపోతే అక్కడ కొనకండి. కెపాసిటర్ల తలలూ చూడండి, చదునుగా ఉండాలి. కొంచెం ఉబ్బినా, గోధుమరంగు మరక కట్టినా వదిలేయండి. 2000 నుంచి ఓ ఐదారేళ్ల పాటు నాసిరకం కెపాసిటర్లు మార్కెట్ నిండా వచ్చాయి, ఆ కాలపు బోర్డులు చాలా వాటివల్లే పోయాయి.

జీఫోర్స్ 4 టీఐ 4200 ఎందుకు కాదని అడుగుతారు. 2002లో వచ్చిన ఆ కార్డు నాకు చాలా ఇష్టం. వేగంలో ఎఫ్ఎక్స్ 5200కు అందనంత ఎత్తులో ఉంటుంది, షేడర్లున్నాయి, పాలెట్ టెక్స్చర్లున్నాయి. చిక్కంతా దాని చిన్న ఫ్యాన్ దగ్గర. నల్గొండలో మే నెల వస్తే బయట నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీలు. దానికి తోడు దుమ్ము. ఇరవయ్యేళ్ల నాటి ఆ నాలుగు సెంటీమీటర్ల ఫ్యాన్ ముందు గరగరమంటుంది, తర్వాత ఆగుతుంది, ఆగిన సంగతి ఆటలో బొమ్మ చెదిరే దాకా మనకు తెలియదు. మంచి ఫ్యాన్ వేయించుకుని, నెలకోసారి మూత తీసి చూసే ఓపిక ఉన్నవాళ్లు టీఐ 4200 నిశ్చింతగా తీసుకోవచ్చు. ఫ్యాన్ లేని ఎఫ్ఎక్స్ 5200కు నేను చేసిందల్లా, ఎండిపోయిన పాత పేస్టు తుడిచి కొత్తది రాయడం, క్యాబినెట్ పక్కన 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి కార్డు మీదికి గాలి కొట్టేలా బిగించడం. అంత ఎండల్లోనూ మధ్యాహ్నం పూట ఆడినా ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదు. కరెంటు హెచ్చుతగ్గుల దెబ్బకు ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే డబ్బా) ఒకటి పోయింది గానీ కార్డుకు ఏమీ కాలేదు. అప్పటినుంచి మంచి ఎస్ఎంపీఎస్, యూపీఎస్ లేకుండా స్విచ్ వేయను. పాత కార్డు మళ్లీ దొరకడం కష్టం, దాని ముందు యూపీఎస్ ఖర్చు ఎంత.

3డీఎఫ్ఎక్స్ అనే కంపెనీ చేసిన వూడూ కార్డుల గురించి రెండు మాటలు. నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్ఈ, అన్‌రియల్ లాంటివి 3డీఎఫ్ఎక్స్ కార్డు మీద చూస్తే కలిగే ఆనందం వేరు. నీడ్ ఫర్ స్పీడ్ 2 ఎస్ఈలోనైతే ఆ కార్డు లేకుంటే సాఫ్ట్‌వేర్ రెండరింగే గతి. కానీ వూడూ 3 గీసేది 16 బిట్ రంగుల్లోనే, టెక్స్చర్ 256x256 దాటదు, 2001 తర్వాతి ఆటలకు పనికిరాదు. పైగా ఇప్పుడు సేకరించేవాళ్ల ధరలు పలుకుతోంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఏజీపీ అంటే అప్పటి బోర్డుల్లో గ్రాఫిక్స్ కార్డు కోసమే ఉండే స్లాట్. వూడూ 3 ఏజీపీ కార్డు 3.3 వోల్టులది. ఇంటెల్ 845, 865 బోర్డుల స్లాట్ 1.5 వోల్టులది. పొరపాటున కలిపితే కార్డో బోర్డో పోతుంది. గాడి ఎటు ఉందో చూడకుండా ఏ పాత ఏజీపీ కార్డునూ బలంగా నొక్కకండి.

డ్రైవర్ విషయంలో కొత్తదే మంచిదన్న అలవాటు ఇక్కడ పనిచేయదు. విండోస్ 98 కోసం ఎన్విడియా 81.98 దాకా డ్రైవర్లు ఇచ్చింది. అయినా పాత ఆటలకు నాకు బాగా కుదిరింది 45.23. ఎక్స్‌పీ వైపు కొంచెం కొత్తది వేశాను, అక్కడ 2003 ఆటలు ఆడతాను కాబట్టి. 98లో 512 ఎంబీ ర్యామ్ దాటించకండి, దాటితే సిస్టమ్ డాట్ ఐఎన్ఐ అనే సెట్టింగ్స్ ఫైల్లో క్యాష్ పరిమితి పెట్టాల్సి వస్తుంది. బయోస్‌లో ఏజీపీ అపర్చర్ (కార్డు వాడుకోగల ర్యామ్ జాగా) 64 ఎంబీ దగ్గర ఉంచితే చాలు.

మనవైపు ఇళ్లల్లో, మూతబడ్డ నెట్ సెంటర్లలో మిగిలిన సిస్టమ్స్ చాలావరకు ఇంటెల్ 810, 845జీఎల్ బోర్డులవి. వాటికి ఏజీపీ స్లాటే ఉండదు. అలాంటివాళ్లు బోర్డు పడేయాల్సిన పనిలేదు, ఎఫ్ఎక్స్ 5200 మామూలు పీసీఐ స్లాట్‌కు సరిపోయేలా కూడా వచ్చింది. పీసీఐ దారి ఇరుకు, సెకనుకు 133 మెగాబైట్లే, కాబట్టి వైస్ సిటీ లాంటి పెద్ద ఊళ్ల ఆటల్లో అక్కడక్కడా ఆగుతుంది. ఐజీఐ, మ్యాక్స్ పేన్ మాత్రం ఆన్‌బోర్డ్ కంటే ఎంతో మెరుగ్గా నడుస్తాయి. కొనేటప్పుడు చిప్పుల లెక్క మాత్రం పీసీఐ కార్డుకూ మర్చిపోకండి, ఆ రకంలోనూ 64 బిట్‌వి తగులుతుంటాయి.