ఎస్సిటాలోప్రామ్ కొన్నేళ్లుగా వాడుతున్నా: మాత్ర సరే, బిల్లు సంగతేంటి?

ముందు మాత్ర గురించి రెండు ముక్కలు. డిప్రెషన్, ఆందోళనలకు ఇచ్చే ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ, రోజూ టిఫిన్ అయ్యాక. మొదట్లో వికారం, నిద్ర సరిగ్గా పట్టకపోవడం ఉండేవి. కొన్ని వారాలకు మనసు తేలికపడింది. మందు పనిచేస్తోంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. తలనొప్పంతా ఖర్చుతోనే.

మా కూకట్‌పల్లిలో ఒక మెడికల్ షాపు అబ్బాయి "జనరిక్ పనిచేయదు మేడం, కంపెనీదే తీసుకోండి" అనేవాడు. జనరిక్ అంటే మందును కనిపెట్టిన కంపెనీ కాక వేరే కంపెనీలు అదే మందుతో చేసేది. తమాషా ఏంటంటే, అతని చేతిలో ఉన్నదీ జనరికే. ఈ మందును మొదట తయారుచేసింది డెన్మార్క్‌కు చెందిన లుండ్‌బెక్ కంపెనీ. అమెరికాలో 2002లో లెక్సాప్రో పేరుతో అనుమతి వచ్చింది. మన దగ్గర మామూలుగా దొరికే నెక్సిటో లాంటివన్నీ మన కంపెనీలు అదే సాల్ట్‌తో (అంటే అసలు మందు పదార్థంతో) చేసి తమ పేరు పెట్టుకున్నవే.

స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. బ్రాండు పేరు పెద్దగా ఉంటుంది, సాల్ట్ పేరు చీమల బారులా ఉంటుంది. నా మొదటి చీటీలో రాసింది ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ కలిసిన మాత్ర. ఆందోళన తగ్గి నిద్ర పట్టడానికి మొదట్లో అలా ఇస్తుంటారు, కానీ క్లోనజెపామ్ అలవాటుగా మారే మందు. కొంత కాలానికి డాక్టరు గారే దాన్ని మెల్లగా తీసేసి ఒట్టి ఎస్సిటాలోప్రామ్ ఉంచారు. ఒట్టిది జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది కాబట్టి మందుల ధరలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌పీపీఏ గరిష్ఠ ధర కట్టేసింది. కలిపిన మాత్ర ఆ జాబితాలో లేదు. మీ చీటీలో కలిపిన మాత్రే ఉంటే "ఇంకా అవసరమా?" అని డాక్టరును అడగండి. మీ అంతట మీరు మాత్రం మార్చకండి.

సాల్ట్ పేరుతో చీటీ రాయించుకుంటే జన ఔషధి కేంద్రంలో తీసుకోవచ్చు, బయటి బ్రాండుతో పోలిస్తే బాగా తక్కువ పడుతుంది. చీటీ మాత్రం తప్పనిసరి, ఇది షెడ్యూల్ హెచ్ మందు. వెళ్లేముందు స్టాకు ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఒకసారి కుదిరిన కంపెనీ మాత్రే కొనసాగిస్తున్నా. నెలకో రంగు మాత్ర మింగాలంటే నాకు అదో గుబులు.

20 ఎంజీ మాత్ర ధర 10 ఎంజీకి రెట్టింపు ఉండకపోవచ్చు. మధ్యలో గీత ఉన్న 20 ఎంజీని సగం చేసి వేసుకోవచ్చా అని అడిగితే మా డాక్టరు సరే అన్నారు. కట్టర్ ఒకటి కొన్నా, కత్తితో కోస్తే సగం పొడైపోతోంది.

ఇంత లెక్క చూశాక తేలిందేంటంటే, నా ఖర్చులో మాత్రలది చిన్న వాటా, కన్సల్టేషన్ ఫీజుదే పెద్దది. నెలనెలా వెళ్లి "ఎలా ఉన్నారు", "బాగున్నాను" అనుకోవడానికే అంత కట్టేదాన్ని. నిలకడగా ఉన్నాక మూడు నెలలకోసారి రావచ్చా అని అడిగితే ఒప్పుకున్నారు. జనరిక్‌కు మారినప్పటికన్నా దీంతోనే ఎక్కువ మిగిలింది. చీటీ చివర్న ఉండే విటమిన్ మాత్రల గురించీ అడిగా, ఆపేయమన్నారు.

ఫీజే కట్టలేని పరిస్థితైతే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. ప్రభుత్వాసుపత్రి, ఓపీలో మందులు ఉచితం. కాకపోతే పూట పని పోతుంది, రోజు కూలీకి అదీ ఖర్చే. ఫోన్‌లో మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది.

డబ్బు మిగులుతుందని రోజు విడిచి రోజు వేసుకోవడం, ఉన్నట్టుండి మానేయడం మాత్రం వద్దు. తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం, చిరాకు వస్తాయి. ఆపాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఇన్సూరెన్సు సంగతి: 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం శరీర జబ్బులతో సమానంగా వీటికీ బీమా ఇవ్వాలి. కానీ మామూలు పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. ఓపీ కవర్ ఉందో లేదో కాగితాల్లో చూసుకోండి, నాకైతే లేదు.