వైజాగ్‌లో యుటిలిటీకి కప్‌బోర్డులు చేయిస్తున్నారా? సన్‌మైకా అతికించకముందే లోపలి చెక్క చూసుకోండి

ఎంవీపీ కాలనీ, యెండాడ, మధురవాడ వైపు కొత్తగా ఫ్లాట్ తీసుకుని ఇంటీరియర్స్ మొదలుపెట్టినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వంటింటి వెనక వాషింగ్ మెషీన్ పెట్టుకునే చిన్న యుటిలిటీ ఉంటుంది కదా, హాలు మీద, వంటిల్లు మీద పెట్టే శ్రద్ధ దాని మీద ఎవరూ పెట్టరు. ఇంటీరియర్ షాపువాళ్లకి అది బాగా తెలుసు. షాపు పేరు మాత్రం రాయను, గొడవ ఇంకా తేలలేదు.

మాది ఆరడుగులకి నాలుగడుగుల జాగా. ఓ పక్కంతా గ్రిల్లే, సముద్రం గాలి నేరుగా కొడుతుంది. మెషీన్ పైన అరలు, పక్కన విడిచిన బట్టలకి బయటికి లాగే బుట్ట, కింద సర్ఫూ బకెట్లూ పెట్టుకోడానికి ఓ అర. అడిగింది అంతే. కొటేషన్‌లో "వాటర్‌ప్రూఫ్ ప్లై, స్టెయిన్‌లెస్ స్టీల్ ఫిటింగులు" అని రాసిచ్చారు. ఆ తర్వాత నడిచిన మాటలన్నీ రంగుల గురించే. ఫోన్‌లో త్రీడీ బొమ్మ పెట్టి, కింద నేవీ బ్లూ, పైన తెల్లటి తెలుపు, గోడకి లేత ఆకుపచ్చ అంటుంటే మా అత్తగారు కూడా ముచ్చటపడిపోయారు. చెక్క ఏ రకం అని అడిగితే "ఏటీ అవదండి మేడమ్, పదేళ్లు గ్యారంటీ" అన్నారు. ఆ పదేళ్ల మాట ఏ కాగితం మీదా లేదు.

అక్టోబరు వానలు పట్టేసరికి కింది అర ఉబ్బి తలుపు పడటం మానేసింది. పైపు ఎక్కడా కారలేదు, చూపించుకున్నాం. తెలిసిన వడ్రంగి మేస్త్రిని పిలిచి అడుగుపట్టీ విప్పిస్తే లోపల ఉన్నది ప్లై కానే కాదు, మామూలు ఎమ్‌డీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే పలక. గిల్లితే తడిసిన అటుకుల్లా చేతికొచ్చింది. పై అరలు ప్లైయే గానీ ఏ షీటు మీదా ఐఎస్ఐ ముద్ర లేదు.

అసలు "వాటర్‌ప్రూఫ్" అన్నది గ్రేడే కాదు. షాపుల్లో కమర్షియల్ అని అమ్మేది ఎమ్ఆర్, కాస్త చెమ్మని ఆపుతుంది, పడకగది బీరువాకి సరిపోతుంది. దాని పైది బీడబ్ల్యూఆర్, మరిగే నీళ్లని కొంతవరకు తట్టుకునే రకం. మెరైన్ ప్లై అంటే ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ప్రకారం చేసింది, దాన్నే బీడబ్ల్యూపీ అంటారు. మరిగే నీళ్లలో 72 గంటలు ఉంచినా పొరలు విడిపోకూడదన్నది దాని పరీక్ష. నీళ్లు చిందే చోట, అందులోనూ మన ఊళ్లో, నా మట్టుకు ఇదొక్కటే ఒప్పుకుంటాను. షీటు మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 710 అని, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరు, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల "బీఐఎస్ కేర్" యాప్‌లో కొడితే అది ఏ కంపెనీదో, ఇప్పుడు చెల్లుతోందో లేదో వస్తుంది. షీటు మీద పేరు ఒకటి, యాప్‌లో వచ్చింది ఇంకొకటి అయితే అక్కడే ఆపేయండి. ఎనిమిదడుగులకి నాలుగడుగుల షీట్లు లారీలోంచి దిగినప్పుడు, కోత పడకముందే ఇదంతా చూసి ఫొటోలు తీసుకోవాలి. కోసి సన్‌మైకా అతికించేశాక దేవుడు కూడా కనిపెట్టలేడు.

మెరైన్ ప్లై అయినా కోసిన అంచులు, పైపు కోసం వేసిన రంధ్రాలు అలాగే వదిలేస్తే నీళ్లు అక్కడినుంచే తాగుతుంది. మాకు వెనకవైపు అంచులకి, కోత మూసే టేపు వెయ్యనేలేదు, ఎవరు చూస్తారని. ఇంకో సంగతి, నేల కడిగే చోట చెక్క అడుగుపట్టీ వద్దేవద్దు. పీవీసీ కాళ్లు వేయించి నాలుగంగుళాలు ఎత్తు పెట్టించండి.

ఫిటింగుల దగ్గర ఇంకా తమాషా. బుట్టకి అయస్కాంతం పెట్టి చూపించి, అంటుకోలేదు కాబట్టి 304, అంటే తుప్పుని బాగా తట్టుకునే స్టీలు రకం, అన్నారు. 202 స్టీలుకి కూడా అయస్కాంతం అంటదు! దాంట్లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, చవక. ఉప్పుగాలికి చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టేది అదే. రెండింటికీ తేడా చూపించే చుక్కల మందు అమ్ముతారు, 202 మీద వేస్తే ఎర్రబడుతుంది. బిల్లులో "ఎస్ఎస్ 304" అని రాయమంటే షాపువాళ్ల మొహం ఎలా మారుతుందో చూడండి, సగం పరీక్ష అక్కడే అయిపోతుంది.

కొలతలకొస్తే, మెషీన్ ఎత్తు మూత వేసి కొలిచారు. మాది టాప్ లోడ్. మూత సగం లేచి అరకి కొట్టుకుంటోంది. అదేంటండీ అంటే ఫ్రంట్ లోడ్ కొనుక్కోమని సలహా! ఫ్రంట్ లోడ్ ఉన్నవాళ్లు కింద ముందువైపు ఉండే ఫిల్టరు మూత తెరుచుకునేలా చోటు వదిలించుకోండి.

రంగుల గురించి కూడా చెప్పాలి, ఎర అదే కాబట్టి. ముదురు నీలం మీద బోరునీళ్లు, సర్ఫునీళ్లు పడి ఆరితే తెల్ల మచ్చలు తేలుతాయి, రోజూ తుడవాలి. తెలుపంటారా, జ్ఞానాపురం, పాతూరు వైపువాళ్లకి నేను చెప్పక్కర్లేదు, పోర్టు బొగ్గు దుమ్ము వాళ్లకి తెలిసినంత నాకు తెలీదు. బయటికి ఇసుక రంగో, లేత బూడిదో, మెరుపులేని రకం తీసుకోండి. లోపలికి మాత్రం తెలుపే మంచిది, బూజు పట్టినా చెమ్మ ఎక్కినా వెంటనే కనబడుతుంది. సరదా పడ్డ రంగులన్నీ గోడకీ బుట్టలకీ పెట్టుకుంటే బోరు కొట్టినప్పుడు మార్చుకోవచ్చు. శాంపిల్ ముక్క ఇంటికి తెచ్చి, మీ యుటిలిటీలోనే పగలోసారి, ట్యూబులైటు కింద ఓసారి చూడండి. షాపు పసుపు లైట్ల కింద కనబడిన రంగు ఇంట్లో కనబడదు.

ఇప్పుడు షాపువాళ్లు కింది తలుపొక్కటి మారుస్తాం, ఖర్చు చెరి సగం అంటున్నారు. మేం ఒప్పుకోలేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చాం, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాం. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. అయిదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, లాయరు లేకపోయినా ఫర్వాలేదు, గడువు రెండేళ్లు. ఇలాంటిదే జరిగినవాళ్లు జీఎస్టీ బిల్లు, కొటేషన్, వాట్సాప్ మాటలు దాచుకోండి. ఊడిన ముక్క కూడా పారేయకండి, మాది కవర్లో కట్టి అటక మీద పెట్టాం.