ఫిజియోథెరపీయా, ఆక్యుపేషనల్ థెరపీయా?

ఏడాదిన్నర దాటినా బిడ్డ నడవకపోతే ముందుగా వినిపించే పేర్లు ఈ రెండే. ఫిజియోథెరపీలో మెడ, నడుము, కాళ్ల పట్టుపై దృష్టి పెడతారు. పెద్ద బంతిపై బోర్లా పడుకోబెట్టి మెల్లగా ఊపుతూ, ఎదురుగా గిలక్కాయ ఆడిస్తారు. దాన్ని చూడాలని బిడ్డ తలెత్తుతాడు. మెడ, వీపు కండరాలకు పని పడేది అప్పుడే. ఆ ఆట లేకుండా ఊరికే కాళ్లూ చేతులూ ఆడించి పంపితే నాకు సమ్మతం కాదు.

ఆక్యుపేషనల్ థెరపీ వేళ్ల పనితనాన్ని, రోజువారీ పనులను చూస్తుంది: పిండిముద్ద నొక్కడం, చెంచా పట్టడం, బొత్తాలు పెట్టుకోవడం.

కూర్చోలేని బిడ్డకు సాధారణంగా మొదటిదే ముందు. నడుము నిలవనిదే చేతులు ఆటకు రావు. నడుస్తున్నా అన్నం కలుపుకోలేకపోతే, ఇసుక తాకితే బెదిరిపోతే రెండోది. చాలామందికి రెండూ కావాలి. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో ఈ సేవలు ఉచితం.