శ్రీకాకుళంలో కిడ్నీ ప్యాకేజీ: ఉన్నదేంటి, లేనిదేంటి

ఇక్కడి ఒక ప్రైవేటు ల్యాబ్ కిడ్నీ ప్యాకేజీలో యూరియా, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్, సోడియం, పొటాషియం ఉన్నాయి. ముఖ్యమైన మూత్రం ఏసీఆర్ (మూత్రంలో క్రియాటినిన్‌తో పోలిస్తే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎంత పోతోందో చూపే పరీక్ష) లేదు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ఉన్న జిల్లాలో ఇది చిన్న లోటా? కవిటి, సోంపేట నుంచి వచ్చేవాళ్లు విడిగా అడిగి రాయించుకోవాలి. పొద్దున పట్టిన మొదటి మూత్రమైతే మేలు. గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాములు, ఆపైన వస్తే మళ్లీ చేయించి చూడాలి.

రక్తం తీసే అమ్మాయి చెయ్యి మంచిది, నొప్పే తెలీదు. రిపోర్టే నిరాశ. క్రియాటినిన్ 1.2 పక్కన ‘నార్మల్’ అని కొట్టి ఊరుకున్నారు. అదే 1.2కి, వయసు, ఆడా మగా చూసి వేసే 2021 సీకేడీ-ఈపీఐ లెక్కలో, పాతికేళ్ల మగాడికి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంచనా) 86. అరవయ్యేళ్ల ఆడమనిషికి 52. ఈజీఎఫ్ఆర్ అరవైకి తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క. కాబట్టి ఈజీఎఫ్ఆర్ వేసివ్వమని పట్టుబట్టండి.

ముందురోజు రాత్రి మాంసం తింటే క్రియాటినిన్ ఎక్కువ చూపించొచ్చు. కౌంటర్లో ఆ ముక్క చెప్పరు. గోడమీద ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ ముద్ర ఉందిగా అనుకోకండి, ఆ గుర్తింపు పరీక్షల వారీగా ఇస్తారు. క్రియాటినిన్ ఆ జాబితాలో ఉందేమో అడగండి. థైరాయిడ్, విటమిన్లు కలిపిన పెద్ద ప్యాకేజీ అంటగట్టబోతారు. గట్టిగా వద్దంటే వదిలేస్తారు.